అప్పలసూరి గారి పత్రానికి దక్కిన తొలి సైటేషన్

సభకు నమస్కారం. ముందు వరుసలో ఉన్న అప్పలసూరి గారి సతీమణి నీలవేణి గారికి, కళాశాల పెద్దలకు, తీరం నుంచి ఆటోలో వచ్చి వెనక కూర్చున్న నారాయణమ్మ గారికి నమస్కారం. మన భూగోళశాస్త్ర అధ్యాపకులు డాక్టర్ అప్పలసూరి గారు ఇక లేరు. పరిశోధన ప్రభావ మదింపు సంఘం కన్వీనరుగా ఈ విషయాన్ని ధ్రువీకరిస్తున్నాను.

మిత్రులారా, ఒక పరిశోధన గొప్పదని ఎలా తెలుస్తుంది? చదివితే తెలుస్తుందని కొందరు అమాయకులు అంటారు. మన సంఘం అంత దూరం వెళ్లదు. ఆ పత్రాన్ని ఇంకెందరు తమ పత్రాల అడుగున పేర్కొన్నారో లెక్కపెడుతుంది. దాన్నే సైటేషన్ అంటున్నాం. పెళ్లి చదివింపులు ఎలాగో ఇదీ అలాగే. మీరు నాకు చదివిస్తే నేను మీకు చదివిస్తాను. ఈ మర్యాద వల్లనే బొబ్బిలి వీణల మీద రాసిన పత్రం అడుగున మినుము తెగుళ్ల పత్రం కనబడుతుంది. అది చూసి అప్పలసూరి గారు, "వీణకి ఏం తెగులు పట్టింది సార్?" అని అడిగారు. శాఖాధిపతి యుగంధర్ గారు ఎంతో ఓర్పుతో, "ఎవులింటి పెళ్లికీ ఎల్లనోడి పెళ్లికి ఎవులొస్తారు మాస్టారూ?" అన్నారు.

ఎవరూ రాలేదు.

ఆయన రాసింది ఒక్క పత్రం. నది సముద్రంలో కలిసే మొగ గురించి. మొగకు ఉత్తరాన రాతిగోడ కడితే ఇసుక మొగలోనే మేట వేస్తుందని, కెరటం అక్కడే విరుగుతుందని, పడవలు తిరగబడతాయని రాశారు. గోడ సంగతి చూసే నిపుణుల సంఘానికి పంపారు. వారు సైటేషన్లున్న పత్రాలనే పరిశీలిస్తారు. ఎన్నున్నాయని మమ్మల్ని అడిగారు. సున్నా అని చెప్పాం. మా వైపు నుంచి ఏ ఆలస్యమూ జరగలేదు.

అప్పుడు మొగ ఒడ్డు పల్లెలో ఉండే నారాయణమ్మ గారు ఆయనకు ఒక దారి చెప్పారు. "ఏటి బాబూ, నువ్వు రాసింది ఎవులూ సదవనేదా? సదివింపులు సదివినట్టు మైకులో సదివెయ్. ఊరంతా ఇంటాది." చదివారు. చేపలు ఎండబెట్టే ఇసుకలో కూర్చుని ఊరంతా విన్నది. వల బాగుచేస్తున్న ఒకాయన, "మావా, ఆ గోడ కట్టేవోడిని ముందు పడవెక్కించాల!" అన్నాడట. అందరూ నవ్వారట. ఆ శ్రోతలను వార్షిక నివేదికలో చేర్చమని అప్పలసూరి గారు కోరారు. ఇసుకలో కూర్చున్నవారికి మా పట్టికలో గడి లేదు.

గోడ లేచింది. ఇసుక మేట వేసింది. పోయిన నెల మొగ లోతు కొలవడానికి ఆయన కొండబాబు పడవ ఎక్కారు. కొండబాబు నారాయణమ్మ గారి పెద్దకొడుకు. ఇద్దరూ తిరిగి రాలేదు. నా వెనకున్న ఫ్లెక్సీలో కొండబాబు పేరు లేకపోవడం పొరపాటు కాదు. ఆయన మన సిబ్బంది కారు.

ప్రమాద విచారణ నివేదిక అడుగున అప్పలసూరి గారి పత్రం పేరుంది. తొలి సైటేషన్! నీలవేణి గారూ, మీకు అభినందనలు చెప్పాలా, సానుభూతి చెప్పాలా అని మా సంఘం ప్రత్యేకంగా సమావేశమైంది. విచారణ నివేదిక జర్నల్ కాదు కనుక అది చెల్లదని తేల్చింది. దయచేసి సానుభూతే స్వీకరించండి.

ఇప్పుడు ఆ గోడను ఇంకా పొడిగిస్తున్నారు. నారాయణమ్మ గారి చిన్నకొడుకు ఆ మొగలోంచే వేటకు వెళుతున్నాడు. అందుకే ఆమె వచ్చారు. "తలో పేపరులో ఆ బాబు పేరు ఎయ్యండి. నా సిన్నోడు మిగుల్తాడు" అన్నారు. సైటేషన్లుంటే నిపుణుల సంఘం పత్రం చూస్తుంది, గోడ ఆగుతుందని ఆమె ఆశ. న్యాయమైన కోరిక. ఈ హాలులో ఎవరికి చేతకాదు? కానీ ఉదయం తీర్మానం రాస్తుండగా యుగంధర్ గారికి ఒక సందేహం వచ్చింది. మనం చదివిస్తే, తిరిగి చదివించడానికి ఆయన లేరు కదా?

తీర్మానం అక్కడే ఆగిపోయింది.

కనుక మిత్రులారా, అందరూ లేచి, రెండు నిమిషాలు మౌనంగా నిలబడవలసిందిగా కోరుతున్నాను. నారాయణమ్మ గారూ, మీరు కూర్చోండి. ఈ మౌనం మాది.