ఆగని సమ్మెట

నా పేరు షేక్ అన్వర్. తండ్రి పేరు ఖాజా. వయసు నలభై నాలుగు. యాకుత్‌పురా స్టేషన్ వెనుక కమ్మరి కొలిమి నడుపుతాను. నా చెల్లెలు మహీన్ భర్త ఫర్హాన్ నా దగ్గర సమ్మెట కొడతాడు. నిన్న ఆ సమ్మెట దెబ్బకు నా ఎడమ చేతి వేళ్లు నలిగిపోయాయి.

నిన్న పొద్దున చాయ్ తాగుతూ, కరెంటు సుత్తి కొంటున్నానని ఫర్హాన్‌తో చెప్పాను. "అది అస్తే నేనేం జెయ్యాలె భాయ్?" అన్నాడు. చూద్దామన్నాను. చాయ్ సగం వదిలేసి లేచాడు. ఎప్పుడూ వదలడు.

పదకొండు గంటలప్పుడు గడ్డపార మొన సాగదీస్తున్నాం. ఎడమ చేత్తో పట్టకారు పట్టుకుని, కుడి చేతి చిన్న సుత్తితో దెబ్బ ఎక్కడ పడాలో నేను చూపుతాను. అక్కడ అతను సమ్మెట వేస్తాడు. ఇనుము ఆనించి కొట్టే దాగలి అంచున నేను సుత్తితో తడితే ఆపాలి. మా పనిలో అదే పద్ధతి. ఇనుము జారింది. తట్టాను. జారుతున్న పట్టకారును సర్దబోయాను. సమ్మెట ఆగలేదు. మళ్లీ చెబుతున్నాను, నేను తట్టాను.

దవాఖానలో డాక్టర్ సాయిప్రియ గారికి ఇదే చెప్పాను. "కొట్టుమని మెదడు చేతికి హుకుం ఇస్తది. ఆగుమని ఇంకో హుకుం ఎనుక పోతది. అది లేటైతే చెయ్యి ఆగదు అన్వర్ భాయ్" అన్నారు.

"మొన్న దాగలి మీద పావురం వాలితే ఆపిండు గదమ్మా!"

"అప్పుడు సమ్మెట ఇంకా పైననే ఉన్నదా, కిందికి దిగుతున్నదా?"

పైనే ఉందన్నాను. "గందుకే ఆగింది" అన్నారు. ఆమె అతని వైపే మాట్లాడుతున్నారేమో అనిపించింది.

సాయంత్రం మహీన్ అతన్ని వెంటబెట్టుకొచ్చింది. "కసమ్‌సే భాయ్, ఆపుదామనే జూసిన. చెయ్యి ఇనలే" అని ఏడ్చాడు. నా కుడి చెయ్యి పట్టుకోబోయాడు. ఇద్దామనే అనుకున్నాను. నన్ను అడగకుండానే నా చెయ్యి వెనక్కి పోయింది. మహీన్ అది చూసింది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు.

కావాలనే కొట్టాడని రాయమంటారా అని ఎస్సై గారు అడుగుతున్నారు. నా చెయ్యే నా మాట వినలేదు. అతని చేతి గురించి నేనేం సాక్ష్యం చెప్పను? అట్లా రాయవద్దు. కానీ నా అనుమానం పోలేదు. అది మాత్రం రాయండి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చూసింది నిజం. అనుమానపడిందీ నిజమే.

(ఎడమ చేతికి కట్టు ఉన్నందున కుడి బొటనవేలి ముద్ర)
షేక్ అన్వర్