బిజిలీ తిరగలే, నేనే తిరిగిన

నవ్వు బావా, నవ్వు. ఆపుకోకు, కడుపుల నొప్పొస్తది. గా మూడో అంతస్తుల పండ్లు తోముకునేటోడు సుత నవ్వుతుండు, నువ్వు నవ్వితే తప్పా?

గుర్రం నడిమిట్ల నిలవడ్డది. నేను దాని సుట్టూ పది చక్కర్లు కొట్టిన. పొడుగు తాడు కట్టి నా సుట్టూ గుర్రం తిరుగుడు సూపిస్తనని పొద్దుగాల పొద్దుగాల నిన్ను బోరబండ షెడ్డు సంది గీ పంజగుట్ట గ్రౌండు దాక పిలిపిచ్చి, మనిషి తిరుగుడు సూపిచ్చిన. ఏం జేద్దాం జెప్పు?

ఆఁ, ఎర్కే. తాడు గీ చేతిల, కొరడా గా చేతిల. దాని ముంగట నిలవడొద్దు, భుజం ఎనకకు జరగాలె. యూట్యూబుల నలభై వీడియోలు చూసిన బావా! నోట్స్ సుత రాసుకున్న. నన్ను జూసి మీ చెల్లె వనిత నెత్తి కొట్టుకుంది.

మైత్రీవనంల పదేండ్ల సంది కంప్యూటర్ కోర్సు చెప్తున్న. డిగ్రీ మూడుసార్లు తప్పినోన్ని సుత నలభై ఐదు రోజుల్ల ఉద్యోగంల కూసోబెట్టిన. గీ మూడేండ్ల పిల్లకు రెండు నెలలాయె, ఇంకా డెమో క్లాసే నడుస్తుంది. పేరు జూస్తె బిజిలీ, మెరుపు! నేనే పెట్టిన. దీనికంటె బోరబండ బస్సు నయం, ఎప్పుడో ఒకప్పుడు కదుల్తది.

ఊఁ అంటున్నవ్ గని నీ బాధ నాకు తెల్వదా? బరాతులు నడిపేటోనివి. ముంగట బ్యాండు, ఎనక డీజే, కాళ్ల కింద పటాకలు. పొమ్మంటె పోవాలె, ఆగుమంటె ఆగాలె. మనుషుల మీదికి ఒరిగే గుర్రం మీద పెండ్లికొడుకును ఎట్ల ఎక్కిస్తవ్? ఇయ్యాల తాడు మీద తిరగకుంటె జహీరాబాద్ పార్టీకి అమ్ముతనన్నవ్. నిన్ను తప్పుపడ్తలేను. గుర్రాలు నీయి, షెడ్డు నీది.

గని ఇది పుట్టిన దినం జర యాది జేసుకో. ఈనుకుంటనే తల్లి పాయె. 'ఇది సుత దక్కది, ఇడిసిపెట్టు' అన్నవ్. అన్నవా లేదా? నేను, వనిత సీసాతోని పాలు తాపినం. రెండు గంటలకోసారి! క్లాసుకు లేటైతే ట్రాఫిక్ అని చెప్పేది నేను. అంగీ నిండ పాల మరకలు, పిలగాండ్లు ముక్కు మూసుకుంటుండె.

గందుకే అది నన్ను ఇడిసి పోదు. దూరం పో అంటె చంకల మూతి పెడ్తది. గదమాయిస్తె ఇంకింత దగ్గరికొస్తది. దానికి నేను సార్ను కాదు బావా, తల్లిని. మీసాలున్న తల్లిని.

ఏందీ, గట్ల జూస్తున్నవ్?

సరే, చెప్త. వనితకు చెప్పకు.

నిన్న తిరిగింది బావా. ఒట్టు! గిదే జాగల. నేను భుజం ఎనకకు జరిగి, నోటితోని సప్పుడు జేసిన. పోయింది. తాడు మొత్తం సాగేదాక పోయింది. ఒకటి, రెండు, మూడు... ఏడు చక్కర్లు. ఏం నడక బావా! ఒక్కసారన్న నా దిక్కు జూస్తదేమోనని నేను జూస్తున్న. జూడలే.

సంబురపడాలె గదా? బుద్ధున్నోడైతే సంబురపడ్తడు. నాకు ఏడుపొచ్చింది. ఎనిమిదో చక్కర్ల నేనే 'బిజ్జూ' అని పిలిచిన. ఉరికొచ్చింది. నేర్సుకున్న పాఠం నేనే చెడగొట్టిన.

ఇయ్యాల ఇంకింత ఘోరం. గీ జేబుల చెయ్యి పెట్టు. బెల్లం. మర్సిపోయి ఏసుకోలే బావా, ఎర్కుండే ఏసుకున్న. నీ ముంగట నన్ను ఇడిసిపోతె నా బతుకేం కావాలె అనుకున్న. బెల్లం వాసనకు అది యాడికి పోతది? పిల్ల ఫెయిల్ కాలే, సారే ఫెయిల్ జేసిండు. దాన్ని అమ్మేదాక తెచ్చింది నేనే.

ఇగో బెల్లం, అవుతల పారెయ్. ఇగో తాడు. ఇంకొక్కసారి నువ్వు తిప్పు బావా, నీ కాళ్లు మొక్కుత. నేను గేటు అవుతల గోడ సాటుకు పోత. నేను కనవడ్తె అది పోదు.

మంచిగ తిరుగుతది. నువ్వే జూస్తవ్.

నేనా? నేను జూడలేను. అది అమ్ముడువోకుండ మన బోరబండల ఉంటె సాలు. నా దిక్కు జూడకుంటె ఏమాయె.