దారి తప్పిన నల్లకేకు

గ్రెనడా దీవిలో చేపల వేటకి పేరున్న గ్వావ్ ఊరు. క్రిస్మస్ సెలవులకి బడి మూసిన మర్నాటి మధ్యాహ్నం, మిస్ ఫిల్బర్ట్ ఇంటి వరండాలో ఆవిడా, ఒకప్పటి ఆవిడ శిష్యురాలు అయాంతీ.

“డబ్బా కోసం ఇంత ఎండలో పరిగెత్తుకొచ్చావా, అయాంతీ?”

“పరిగెత్తలేదు మిస్. ఇటే పనుండి...”

“కూర్చో. చెమట తుడుచుకో. ఏ డబ్బా?”

“నిన్న బళ్ళో మా అమ్మాయి కెర్లిన్ మీకిచ్చింది కదా, నల్లకేకు. నీలం రంగు బిస్కెట్ల డబ్బాలో.”

“అన్నీ నీలం డబ్బాలే. ఈ ఊళ్ళో అన్నేసి బిస్కెట్లు ఎవరు తింటారో గానీ, ఏటా పిల్లల తల్లులందరూ నాకు కేకు పంపేది వాటిలోనే. నీది మాత్రం వెనక్కెందుకు?”

“అది మా అత్తగారిది మిస్. సూదీ దారం పెట్టుకుంటుంది. పొద్దుట్నుంచి ఒకటే సణుగుడు.”

“అంతేగా. కేకు నేనుంచుకుని డబ్బా ఇచ్చేస్తాను.”

“అంటే... కేకుతో సహా ఇచ్చేస్తే...”

“మీ అత్తగారు సూదులు కేకుకి గుచ్చుతుందా?”

“కాదు మిస్. దాంట్లో ఉప్పు పడింది. చక్కెర అనుకుని ఉప్పేశాను.”

“ఉప్పు.”

“రెండు గుప్పిళ్ళు మిస్.”

“చెవి వదులు.”

“ఆఁ?”

“రెండో తరగతిలో నీకు పాఠం చెప్పినప్పట్నుంచీ చూస్తున్నా. అబద్ధమాడితే నీ చెయ్యి చెవి మీదికి పోతుంది. మీ కెర్లిన్‌కీ అదే జబ్బు. ఇప్పుడు మొదట్నుంచి చెప్పు.”

“రెండు కేకులు చేశాను మిస్. మీకోటి, ద్రాక్షరసంతో. మన చర్చిలో తాగుడు తప్పు కదా, మీ దాంట్లో చుక్క తగలనివ్వలేదు. ఇంకోటి మా ఆయనకి. పడవలో వేటకెళ్ళే వాళ్ళంతా పంచుకు తింటారని.”

“అందులో?”

“అందులో... ద్రాక్షరసం కాదు.”

“మరి?”

“రమ్ము మిస్.”

“ఎంత?”

“ఎండుపళ్ళు కిందటేడే రమ్ములో నానబెట్టాను. అది కాక, కేకు వేడి మీదుండగా పైన పోసింది...”

“పోసింది?”

“సీసా ఖాళీ అయ్యేదాకా.”

“డబ్బాలు తారుమారు చేసింది కెర్లినా?”

“నేనే మిస్. ద్రాక్షరసం కేకు పొద్దున పడవలో విప్పారట. మా ఆయన ఇంటికొచ్చి నాతో మాట్లాడటం మానేశాడు.”

“పాపం.”

“నవ్వకండి మిస్. ఆదివారం పాస్టరు గారు సండే స్కూలుకి కొత్త టీచరు పేరు చదువుతారు. మీరు నా పేరే ఇచ్చారని తెలుసు. నేను పుట్టి పెరిగింది రమ్ము కొట్లో. నాన్న పోయి, కొట్టు మూసేసి ఎన్నేళ్ళైనా ఊరికి నేను రమ్ము కొట్టు పిల్లనే. అత్తగారైతే మొహం మీదే అంటుంది. ఈ ఒక్క పని నా చేతికొస్తే ఆ పేరు పోతుందని ఎంత ఆశ పెట్టుకున్నానో. ఆ కేకు ఎవరి నోట్లోనైనా పడిందా, ఇక అంతే సంగతులు.”

“పడింది.”

“ఎవరి నోట్లో?”

“ముందు నా నోట్లోనే. సగం ముక్క తిన్నాక తెలిసింది.”

“తెలిశాక మానేశారు కదా?”

“తిండి పారెయ్యకూడదని మీ అందరికీ నేర్పింది నేనే కదా.”

“మిగతాది ఇచ్చెయ్యండి మిస్, మీకు దణ్ణం పెడతాను.”

“నిన్న సాయంత్రం పాస్టరు గారొచ్చారు.”

“అయ్యో దేవుడా. పెట్టారా?”

“నేను పెట్టలేదు. టీ తెచ్చేలోపల ఆయనే కోసుకున్నారు.”

“వాసన పట్టలేదా?”

“ఏమిటీ ఘాటు అన్నారు. మన ఊరి జాజికాయ అన్నాను.”

“నమ్మారా?”

“రెండో ముక్క కోస్తూ నమ్మారు. మూడో ముక్కకి పాట అందుకున్నారు.”

“ఎవరు చేశారని అడగలేదు కదా?”

“అడక్కుండా ఉంటారా?”

“నా పేరు చెప్పేశారా?”

“మీ రమ్ము కొట్టు సంగతి ఆయన చెవిన ఎప్పుడో పడింది. నీ పేరు చెబితే, ఆ ఘాటు దేనిదో ఇట్టే తెలిసిపోదూ?”

“మరి ఏం చెప్పారు?”

“నేనే చేశానన్నాను.”

“మీరా? మిస్, మీకు గుడ్డు ఉడకబెట్టడం కూడా...”

“రాదు. ఊరందరికీ తెలుసు. నా వంట సంగతి మాత్రం, కొత్తగా వచ్చారు కదా, ఆయనకింకా తెలీదు.”

“నాకోసం అబద్ధం ఆడారా మిస్?”

“సగం నీకోసం. సగం, ఆయన అంతగా మెచ్చుకుంటుంటే ఊరుకోలేక.”

“పోనీలెండి, గండం గడిచింది.”

“నీకు గడిచింది. క్రిస్మస్ విందుకి అచ్చం ఇలాంటివే నాలుగు కావాలట. వాళ్ళ వంటింట్లోనే చెయ్యాలట. పాస్టరమ్మ గారు పక్కనే నిలబడి నేర్చుకుంటారట.”

“ఎప్పుడు?”

“సోమవారం. అందుకని మొదటి పాఠం ఇప్పుడే చెప్పండి, టీచరమ్మా. ముందు పొయ్యి ఎలా వెలిగించాలి?”