తెల్ల మచ్చల పిల్ల

డచ్చి దేశంలో ఆస్సెన్ ఊరి చివర ఒక గరాజు. గుడ్లు పొదిగే పెట్టె ముందు ఇద్దరు నిలబడ్డారు. ఒకరు కొండచిలువలు పెంచే యువకుడు. ఇంకొకరు అతనికి మగపామును అమ్మిన వీబె గారి భార్య. వీబె పోయి ఏడాది దాటింది.

"ఇలా వంగి చూడండి పిన్నీ. గుడ్డు చీల్చుకుని తల బయట పెట్టింది."

"కళ్ళజోడు మరిచొచ్చాను. నువ్వే చెప్పు. ఒట్టి గోధుమరంగేనా?"

"మెడ దాకా గోధుమరంగే. ఆ కింద చీలికలోంచి కనిపించేదంతా పాలలా తెలుపు."

"ఈ ముసలిదానితో ఆటలాడకు."

"ఒట్టు పిన్నీ. ఈ తెల్లమచ్చ తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే పైకి కనబడుతుంది. తల్లి ఎలాగూ మచ్చలదే. అంటే పైకి మామూలుగా ఉన్న మీ మగపాములోనూ ఆ గుణం దాగి ఉన్నట్టేగా!"

"మామూలు పాముల్ని మచ్చల వంశమని చెప్పి మా ఆయన అంటగట్టాడని పాములు పెంచేవాళ్ళ క్లబ్బులో అందరూ అన్నారు. కొన్నవాళ్ళు తెచ్చి తిరిగిచ్చేశారు కూడా. నువ్వెందుకు ఉంచుకున్నావు?"

"కొన్నరోజే ఆయన్నడిగాను, ఇందులో ఉందని ఎలా తెలుసని. 'దీన్ని చూస్తే నాకూ తెలీదురా. దీని తల్లి మచ్చలది, అందుకే చెప్తున్నా' అన్నారు. మోసం చేసేవాడు తెలీదని ఎందుకంటాడు?"

"చల్లగా ఉండు నాయనా. నీ మేలు మరిచిపోను."

"పిల్ల పూర్తిగా బయటికొచ్చాక క్లబ్బుకి పట్టుకెళ్ళి చూపిస్తాను."

"వాళ్ళ సంగతి తర్వాత. ముందు ఆ మాట నోటితో అను, నే వినాలి."

"ఏ మాట పిన్నీ?"

"మా ఆయన అబద్ధమాడలేదని."

"ఆడలేదు పిన్నీ."

"ఇంకోసారి అను."