రెండో గది అలారం

భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో శ్రీసత్య. రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులో ఆమె భర్త రవితేజ. మధ్యాహ్నం, ఫోన్లో.

"నిజం చెప్పండి, రోజ్ మిల్క్ నేను లేకుండా తాగేశారా?"

"తాగలేదు సత్యా. నా బల్ల మీద పెట్టె ఉందేమో చూడు."

"ఏ పెట్టె?"

"సిగ్నల్ జనరేటర్. నిన్న నీకు చూపించానే, అరచేతిలో పట్టేది. రెండు వైర్లుంటాయి."

"దాన్ని టెస్టింగ్‌కి ఇవ్వడానికేగా మీరు వెళ్ళింది. అది లేకుండానే వెళ్ళారా?"

"సంచిలో పెట్టాననుకున్నా. ఇక్కడ తెరిస్తే ఖాళీ కవరుంది."

"పెళ్ళయి రెండు నెలలన్నా కాలేదు, అప్పుడే మతిమరుపా మా వారికి. నా పేరు గుర్తుందా అండీ?"

"బల్ల మీద చూశావా?"

"చూశాను, లేదు. సొరుగులోనూ లేదు. నిన్నటి డబ్బా మాత్రం ఉంది. పులిహోర సగం వదిలేశారు. ఆ సంగతి ఇంటికొచ్చాక మాట్లాడదాం."

"నిన్న భోజనానికి పిలిచావు కదా. నేను వచ్చినప్పుడు చేతిలో పెట్టె ఉందా?"

"ఒక చేతిలో హెల్మెట్ ఉంది."

"రెండో చేతిలో?"

"నా చెయ్యి ఉంది. అదీ మర్చిపోయారా?"

"సత్యా, ప్యానెల్ చూడు. రెండో గది అమ్మోనియా ఎంత చూపిస్తోంది?"

"సున్నా. బుద్ధిగా కూర్చుంది."

"కొంచెమైనా ఊగుతోందా?"

"అస్సలు లేదు."

"ఊగాలి. మామూలుగా అది ఒక్క చోట నిలవదు. సత్యా, ఆ గదిలో రొయ్యలు వొలిచే ఆడవాళ్ళని బయటికి పిలువు. ముందు లే. కుర్చీలోంచి లే."

"అందరూ బయటే ఉన్నారండి. వేపచెట్టు కింద కూర్చుని టీ తాగుతున్నారు."

"ఎందుకున్నారు బయట?"

"మీరు బండి మీద ఉంటారని చెప్పలేదు. కంగారు పడకండి. ఇందాక అలారం మోగింది."

"ఏ గదిది?"

"రెండో గదిదే. నిజంగానే గ్యాస్ లీకయింది. సూపర్‌వైజర్ గంగాధర్ గారు మాస్కు పెట్టుకుని లోపలికెళ్ళి వాల్వు కట్టేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంకాసేపు లోపలే ఉంటే ఒక్కరూ మిగిలేవారు కాదన్నారు. ఏమండీ? ఉన్నారా?"

"ఉన్నా."

"ఊపిరి పీలుస్తున్నారా, ఏడుస్తున్నారా?"

"అలారం మోగింది. అయితే నేను వదిలెయ్యలేదన్నమాట. మోగిందంటే లేదు."

"ఏం వదిలెయ్యలేదు?"

"పెట్టె. నిన్న నీకు సరదాగా అంకెలు చూపిద్దామని, ఆ గదిలో గ్యాసు కొలిచే మీటరు వైర్లు విప్పి అక్కడ పెట్టె తగిలించాను కదా. పెట్టెతో నాలుగు మిల్లీ ఆంపుల కరెంటు ఇస్తే నీ ప్యానెల్‌లో సున్నా, ఇరవై ఇస్తే నిండా."

"మీరు పెంచుతుంటే నేను ఫోన్లో పావు, సగం, ముప్పావు అని చెప్పడం. సినిమాకి వెళ్ళినా అంత బాగుండదు."

"చివర్న నాలుగుకి తెచ్చాను. అప్పుడు నువ్వు భోజనానికి పిలిచావు. దాన్ని అలాగే వదిలేసి వచ్చానేమోనని ఇందాకటి నుంచి చచ్చిపోతున్నా."

"వదిలేస్తే ఏమవుతుంది?"

"గది నిండా గ్యాసున్నా నీకు సున్నానే కనిపిస్తుంది. అలారం మోగదు. నాకు ముందు ఈ పని చేసిన అశోక్ అలాగే పోయాడు."

"అశోక్ గారిది గుండెపోటన్నారు మీరు."

"కొత్తగా చేరావని అలా చెప్పాను. అతనూ పెట్టె తగిలించి మర్చిపోయాడు. ప్యానెల్‌లో సున్నా, లోపల గ్యాసు. తెలిశాక తనే లోపలికి పరిగెత్తాడు. ఆడవాళ్ళందరినీ బయటికి లాగాడు. తను రాలేదు. అతని పెట్టే ఇప్పుడు నేను వాడుతున్నాను."

"ముందే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. తప్పే."

"రొయ్యలు వొలిచే వీరవేణి గారు ఇందాక అశోక్ గారి సంగతే అన్నారు. ఆవిణ్ణి అశోక్ గారే బయటికి లాగారట. ఇవాళ కూడా అతనే పిలిచాడని ఒకటే ఏడుపు. నేను ఓదార్చానే గాని నాకేం అర్థం కాలేదు."

"అలారం పిలిచింది. లీకయింది, మీటరు చూసింది, మోగింది. అంతే."

"అంతే. కానీ, ఏమండీ, గ్యాసొస్తే అంకె ఎలా పెరుగుతుంది?"

"గబగబా. లేదంటే మెల్లగా, అటూ ఇటూ ఊగుతూ."

"ఆగుతూ పెరగదా?"

"ఆగడమేంటి?"

"పావు దగ్గర ఆగింది. తర్వాత సగం దగ్గర. తర్వాత ముప్పావు దగ్గర. అచ్చం నిన్న మీరు ఇచ్చినట్టే. మీరు ముందే వచ్చేసి నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా. నిండా అయ్యాక అలారం మోగింది."

"లీకు అలా మెట్లెక్కదు సత్యా."

"మరి?"

"వైర్ల డబ్బాకి తాళం వెయ్యడం కూడా మర్చిపోయుంటాను, ఎవరో పెట్టె తీశారు. మీటలు నొక్కి చూశారు. ఆ సమయానికే లీకు కూడా అయి ఉంటుంది. అక్కడ ఎవరున్నారో గంగాధర్ గారిని అడుగు."

"అడిగాను. తలుపు దగ్గర ఎవరూ లేరట."

"ఒకసారి వెళ్ళి చూస్తావా? గదిలోకి వద్దు. బయట గోడకి వైర్ల డబ్బా ఉంటుంది, దాని దగ్గరికి."

"వెళ్తున్నా. ఫోన్ పెట్టెయ్యకండి."

"పెట్టను."

"మాట్లాడుతూ ఉండండి. ఏదైనా చెప్పండి."

"సాయంత్రం రోజ్ మిల్క్ సీసాలో పట్టించుకొస్తా."

"రెండు సీసాలు. వచ్చేశాను. డబ్బాకి తాళం వేసుంది."

"అయితే నిన్న వేశానన్నమాట. తాళంచెవి ఒక్కటే, అది నా జేబులో ఉంది. పైన అద్దం ఉంది కదా, తుడిచి లోపలికి చూడు. మీటరు వైర్లు కనిపించాలి."

"ఉండండి, కొంగుతో తుడుస్తున్నా."

"కనిపిస్తున్నాయా? సత్యా?"

"మీ పెట్టె ఇక్కడే ఉందండి. రెండు వైర్లూ తగిలించే ఉన్నాయి. ఇంకా నాలుగే చూపిస్తోంది."