కణారన్ టేపూ, నా మీసమూ

ఏదీ, ఆ ఫోనిలా చూపించు. లండన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎనిమిదివేల ఆరొందల కిలోమీటర్లు, పదకొండు గంటలు... సరే, ఆ విమానం దారి గీత చూడు, విల్లులా పైకి వంగి మంచు మీంచి పోయింది. నవ్వకు, ఆ గీతే నా కొంప ముంచింది. టైలర్ కణారన్ నీకెలా తెలుస్తాడులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మన వడకర బస్టాండు ఎదురుగా ఇప్పుడు హల్వా కొట్టుందే, అక్కడే వాడి మిషను. హల్వా అంటే గుర్తొచ్చింది, పొద్దున రెండు ముక్కలు తిన్నాను, మీ అమ్మిణి అత్తకి చెప్పకు, షుగరంటూ ప్రాణం తీస్తుంది. ఆఁ, కణారన్. వాడి మీసం చూడాలిరా! కూరలోకి కొబ్బరినూనె లేకపోయినా దానికుండాల్సిందే.

మన నర్సు ఏలమ్మకి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉద్యోగం దొరికింది. లండన్‌లో విమానం మారాలి. వాళ్లమ్మ టీకొట్టు దగ్గర నన్నాపి, "మాషే, పిల్ల ఏ దారిన పోతుంది, ఎంతసేపు గాల్లో ఉంటుంది?" అంది. బళ్లో జాగ్రఫీ మాష్టర్ని, ఊరందరికీ 'మాష్'ని, ఊరుకుంటానా? గోడమ్యాప్ తెప్పించి, స్కేలు పెట్టి, సముద్రం మీదుగా తిన్నగా గీసేశాను. కణారన్ బీడీ పారేసి, "మాషే, భూమి గుండ్రమని పిల్లలకి చెప్పేది మీరేగా? బొజ్జ మీద దగ్గరి దారి, అదే బట్ట విప్పి బల్ల మీద పరిస్తే వంకరొస్తుంది. పంచాయతీ ప్రెసిడెంటు బొజ్జకి ఇరవయ్యేళ్లుగా కుడుతున్నా, నాకు తెలీదా? పిల్ల పైనుంచి, మంచు మీంచి పోతుంది" అన్నాడు. కొట్టంతా గొల్లున నవ్వింది. "మన చేపల బజారుకి ఐసు ఎక్కించుకు రావడానికి కాబోలు!" అన్నాన్నేను. పందెం పడింది. ఓడినవాడు మీసం తీసెయ్యాలి.

"బళ్లో గ్లోబుందిగా, రేపు టేపు పెట్టి చూద్దాం" అన్నాడు కణారన్. ఆ సాయంత్రమే, ఎవరూ లేకుండా చూసి, దారంతో నేనే కొలిచా. బిగించి లాగితే చాలు, దారం మంచు మీదకే పోతోంది. ఏం చెయ్యను? గ్లోబు బీరువాలో పెట్టి తాళం వేశా. మర్నాడు "తాళంచెవి పోయిందోయ్" అన్నా. ఊరంతా మ్యాపుకే ఓటేసింది. మంగలి కొట్లోంచి కణారన్ ఒలిచిన పనసగింజలా బయటికొచ్చాడు. వాళ్లావిడ గుర్తుపట్టక తలుపు తియ్యలేదంటారు. అబద్ధమేలే, పుట్టించింది నేనే.

రెండేళ్లకి ఏలమ్మ సెలవుకొచ్చింది. ఆ టీకొట్లోనే, అందరి ముందూ, "పట్టపగలు, కిటికీలోంచి ఎంతసేపు చూసినా మంచే! కళ్లు జిగేల్మన్నాయి" అంది. నేను గ్లాసులో మొహం దాచుకున్నా. కణారన్ లేచొచ్చి, మెళ్లో టేపు తీసి, నా మీసానికి అడ్డంగా పెట్టి, "నాలుగుంపావు అంగుళాలు" అని వెళ్లిపోయాడు. అంతే. తర్వాత పద్దెనిమిదేళ్లు, ఏ చొక్కా కుట్టించుకున్నా మెడ, ఛాతీ, చేతులు, చివర్న మీసం. "నాలుగుంపావు. ఉండనివ్వండి మాషే, తొందరేముంది?" ఓసారి ఉండబట్టలేక, "తాళంచెవి సంగతి నీకు తెలుసా?" అనడిగేశా. "మీ జేబులోనే ఉందని ఆ రోజే తెలుసు మాషే. ఆ జేబు కుట్టింది నేను. ఎంత బరువుకి ఎంత జారుతుందో నాకు తెలీదా?"

ఏంటీ? నాకసలు మీసమే చూళ్లేదంటావా? ఎలా చూస్తావు, వాడు పోయిన రోజునే... శ్మశానం నుంచి తిన్నగా మంగలి దగ్గరికెళ్లా. తిన్నగా కూడా కాదులే, వాడి కొట్టు మీదుగా చుట్టు తిరిగి...

ఆ హల్వా పొట్లం ఇలా అందుకో.