చీర మడతలో గసగసాలు

నరసాపురంలో గల్ఫ్ ఏజెంటు ఆఫీసు తలుపు తీయగానే ఒక తల్లి లోపలికి వచ్చింది. ఆమె కూతురు కెజియా ఎక్కిన విమానం ఇంకో గంటలో బహ్రెయిన్ దీవిలో దిగుతుంది.

"గసగసాలు అక్కడికి పట్టుకెళ్లకూడదంట, నిజమేనాండి?"

"అక్కడ అవి మత్తుమందు కింద లెక్కమ్మా. దొరికితే జైలే. కాగితంలో రాసిచ్చాను కదా."

"నీళ్లు పడక విరేచనాలవుతాయని కూడా రాశారు కదండి. అవి తగ్గడానికే గసగసాలు వేయించి పొడికొట్టి పెట్టెలో పెట్టానండి."

"అమ్మాయికి ఫోన్ చేసి పారేయమనండి."

"పొద్దుట్నుంచీ కలవట్లేదండి. అక్కడ దిగినా దానికి సిమ్ము లేదు. దాన్ని తీసుకెళ్లడానికి మీ మనిషి వస్తాడు కదండి, ఆయనకి చెప్పండి."

"అతను బయట కారు దగ్గరుంటాడమ్మా. పెట్టెలు చూసేది లోపల."

"దానికసలు తెలీదండి. వద్దంటదని చీర మడతలో దాచాను."

"దాచారా? పెట్టె ఎవరు సర్దారని అడుగుతారమ్మా. అమ్మ సర్దిందని నిజం చెబితే ఏమన్నా వదిలేస్తారేమో."

"చెప్పదండి. ఎవరడిగినా నేనే సర్దుకున్నానని చెప్పమని, ఈ కుర్చీలోనే కూర్చోబెట్టి మీరే కదండీ మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు."